గంజి పెట్టిన వలలు

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నూలు దగ్గరే. నలభై ఏళ్ళు నూలు పని చేశాను, అందులో చివరి ఇరవై ఏళ్ళు ఒక చేనేత సంఘంలో నూలు పరీక్షించి మగ్గాలకు పంచే ఉద్యోగం. పని మానిన రోజు నాకు శాలువా కప్పి, కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. శాలువాలో నూలు నాసిరకమని చెప్పి కూర్చున్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు చెప్పవలసింది అది కాదు. చెప్పవలసింది నోటికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది నగరి దగ్గర మగ్గాల ఇల్లు. మా పనిలో గంజి లేనిదే పూట గడవదు. మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు నూలుకు, బియ్యపు గంజి పట్టించాలి. లేకపోతే పోగు రేగి, రాపిడికి తెగిపోతుంది. ఇంట్లో మనుషులు తాగేదాని కన్నా నూలు తాగేదే ఎక్కువని మా నాయన అనేవాడు. తడి నూలును వేళ్ళ మధ్య నలిపి గంజి చాలిందో లేదో చెప్పడం నాకు ఏడేళ్ళకే వచ్చింది. ఇరవై రెండేళ్ళకు మొగుడు పోతే నన్ను బతికించింది కూడా ఆ విద్యే. అందుకే దాని మీద నాకు చాలా పొగరు ఉండేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు సర్కారు కంట్రోలులోకి పోయింది, మా వీధిలో సగం మగ్గాలు మూలపడ్డాయి. ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. మా వైపు రెండు రోజులు గాలీ వానా. పెంకులు లేచిపోయి, మగ్గం గుంతల్లో నీళ్ళు నిలిచాయి. మేము దాన్నే పెద్ద కష్టమనుకొని ఏడ్చాం. తడ అవతల సముద్రపు ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళే లేకుండా పోయాయని వారం తర్వాత తెలిసింది.

తుఫాను బాధితులకు సాయం చేసే ఒక సంఘం వాళ్ళు మా ఊరికి వచ్చి, నూలుకు పురి పెట్టడం తెలిసిన ఆడవాళ్ళు కావాలన్నారు. వలలన్నీ కొట్టుకుపోయాయి, ప్రభుత్వం కొంత నూలు ఇస్తుంది, దాన్ని పేని వల దారం చెయ్యాలి. పూటకు తిండీ, నెలకు జీతమూ ఇస్తామన్నారు. నాతోపాటు వడమాలపేట నుంచి ఇంకొకామె బయలుదేరింది. నాకన్నా చిన్నది, నోటికి అడ్డూ ఆపూ లేనిది. ఇద్దరం పుత్తూరులో రైలెక్కి, రేణిగుంటలో మారి, కాళహస్తిలో దిగాం. అక్కడి నుంచి బియ్యం మూటల లారీలో తడకు, తడ నుంచి పడవలో పాళేనికి.

పాళెం అంటే పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక మెట్ట. ముప్పై చిల్లర ఇళ్ళు ఉండేవట. మేము వెళ్ళేసరికి ఒక్క గోడ కూడా లేదు. తాటిమాన్లు తలలు పోయి గుంజల్లా నిలబడి ఉన్నాయి. పడవలు ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి, ఒకటి మాత్రం నీళ్ళకు అరమైలు దూరాన ముళ్ళకంపలో ఉంది. బావిలో నీళ్ళు ఉప్పు. ఎక్కడ చూసినా కొత్తగా తవ్వి పూడ్చిన ఇసుక. మనుషులు దాని మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి నడిచేవాళ్ళు. రెండో రోజుకు మేమూ అలాగే నడిచాం.

సంఘం తరఫున ఒక పెద్దాయన అక్కడే ఉండేవాడు. బడి పంతులుగా చేసి మానుకున్నవాడు. ఎండా వానా లేకపోయినా గొడుగు చేతిలో ఉండాల్సిందే. పని పద్ధతి ఆయనే చెప్పాడు. పొద్దున గంజి కాచి పంచడం, మధ్యాహ్నం నుంచి నూలు పని. తాటాకు పందిరి కింద మూడు అండాలు. మనిషికి రెండు గరిటెలు. మనిషి స్వయంగా గిన్నె పట్టుకొని వస్తేనే పొయ్యాలి, ఒకరి వంతు ఇంకొకరికి ఇవ్వకూడదు.

"నియమం సడలించారంటే బియ్యం పది రోజులకే అయిపోతుందమ్మా," అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంట్లో కూడా నేను గింజ లెక్కన వండేదాన్ని.

గడువు కూడా ఆయనే చెప్పాడు. సరస్సు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. తుఫాను దాన్ని వెడల్పు చేసింది. అమావాస్య పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు సరస్సులో రొయ్యలు గుంపులుగా మొగలో నుంచి సముద్రంలోకి పోతాయి. ఆ నీటికి అడ్డంగా వల కట్టగలిగితే రొయ్యలు దొరుకుతాయి. వాటిని ఎండబెట్టి అమ్ముకుంటే మళ్ళీ ఇళ్ళు లేస్తాయి. లేదంటే గంజి అండాలు ఎత్తేసిన రోజు ఊరంతా మద్రాసుకు కూలికి పోవలసిందే. పోయినవాళ్ళు తిరిగి వచ్చి చేపలు పట్టింది ఎక్కడా లేదని ఆయన అన్నాడు. ముందు రాబోయే అమావాస్యకు చిన్న వలలు, ఆ తర్వాతి అమావాస్యకు పెద్ద వల. అదీ లెక్క.

గంజి వరసలో రోజూ చివరన నిలబడే అవ్వ ఒకామె ఉండేది. వలలు అల్లడంలో ఆ పాళెంలో ఆమెదే పెద్ద చెయ్యి. తుఫాను సంగతి మాకు చెప్పింది ఆమే. దారం పేనుతున్న మా ముందు గొంతుకూర్చొని, ఏ వస్తువు ఎక్కడ పెట్టిందో చెప్పినట్టు చెప్పింది.

"ముందు గాలి సముద్రం దిక్కునుంచి తోలింది. ఇండ్లు బోయినాయి. దాని ఎనకాల గాలి నిలిచిపోయింది. సరే, బతికినామనుకుంటిమి. మళ్ళా గాలి తిరుక్కొని సరస్సు నీళ్ళను మా మిందికి నెట్టింది. ఒగ పక్క అది, ఒగ పక్క ఇది. యాడికి పోయేది? నా పెద్దకొడుకు, ఆయప్ప పెండ్లాము యాడికి బోయినారో తెలీదు. చిన్నకోడలు తాటిమానును కరుసుకొనింది. సంకలో ఒగ బిడ్డ, మెడకు ఒగ బిడ్డ. తెల్లారేతలికి మాను ఉండాది, కోడలు ఉండాది."

అంతే. లేచి వెళ్ళిపోయింది.

అవ్వకు మిగిలింది చిన్నకొడుకూ ఆ కోడలూ. కొడుకు మంచి పడవ మనిషి. కోడలు లేచి నడవడం లేదు. ఎవరినీ చూడదు, మాట్లాడదు, సాయంత్రానికి జ్వరం.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

నూలు వచ్చింది. మెత్తటి నూలు, నా చేతికి నీరసంగా తోచింది. ఇంత బలహీనమైన పోగును పేని నీళ్ళలో వేస్తే ఎంతసేపు ఆగుతుంది? గంజి పట్టించి పురి పెడితే గట్టిపడుతుందని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నూలుకు బలం ఇచ్చేది గంజి, ఇది నాకు ఏడేళ్ళ వయసు నుంచి తెలుసు. అయితే ఆకలితో ఉన్నవాళ్ళ బియ్యం తీసి నూలుకు వాడడానికి చెయ్యి ఒప్పలేదు. అండాల అడుగున అంటుకొని చిక్కటి గంజి మిగిలేది. మొదట్లో దాన్ని వరస చివరివాళ్ళకు గీకి పోసేవాళ్ళం. పెద్దాయనను అడిగి దాన్ని నూలుకు తీసి పెట్టాను. పైసా ఖర్చు లేకుండా పని జరుగుతున్నదని నాలో నేను మెచ్చుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో, వరస అయిపోయాక అవ్వ గిన్నె చాపింది. ఆమె వంతు అప్పటికే పోశాను.

"అమ్మణ్ణీ, ఆ అడుగుది ఒగ గిన్నె పొయ్యి. కోడలు పైకి లెయ్యలేకుండా ఉండాది."

"మనిషి వస్తేనే గంజి. ఆయమ్మను తోడుకొని రా."

"లేస్తే తోడుకొనే వస్తును గదా."

"ఇది తాగేదానికి కాదవ్వా, దారానికి. మీ వలలకే."

అవ్వ అండాలోకి చూసింది, నా వైపు చూసింది. "వలకు గంజి యాడన్నా పెడతారా అమ్మణ్ణీ? లోపల మురిగిపోతాది. మేము తుమ్మచెక్క ఉడకబెట్టిన రసంలో ముంచుతాము. దానికి అదే సాలు."

ఈ రెండు మాటలూ ఆమె వేరు వేరు రోజుల్లో అని ఉంటే నేను వినేదాన్నేమో. గంజి అడిగిన నోటితోనే, దారానికి గంజి వద్దని చెప్పేసరికి నాకు ఒకటే అర్థమైంది. ముసల్ది గంజి కోసం దారానికి వంక పెడుతున్నది, అనుకున్నాను.

"అవ్వా, నువ్వు సేపల సంగతి సెప్పు, వింటాను. నూలు సంగతి మాత్రం నాకు సెప్పొద్దు. గంజి కావాలంటే గంజి కావాలని అడుగు, దారాన్ని ఎందుకు ఆడిపోసుకుంటావు?"

వరసలో ఎవరో నవ్వారు. నవ్వకపోతే నాకు కోపం వస్తుందని నవ్వినట్టుంది. అవ్వ గిన్నె వెనక్కి తీసుకుంది.

"నీ ఇష్టం తల్లీ," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం వడమాలపేటామె అడిగింది. "అక్కా, ఆ ముసిలామె సెప్పింది నిజమైతేనో?"

"నిజమైతే ఇంకొకరన్నా సెప్పరా? ఇంతమంది మొగోళ్ళు ఉండారే, ఒగడన్నా నోరు తెరిసినాడా?"

"నీ ముందర యముడన్నా నోరు తెరుస్తాడా అక్కా," అని ఆమె మళ్ళీ రాట్నం పట్టుకుంది.

దారం తయారైంది. గంజి పట్టి, ఆరి, పురి ఎక్కి, వేలితో మీటితే మోగేది. అవ్వ కొడుకు దాన్ని పట్టుకొని, "కర్ర మాదిరి ఉండాదిమ్మా," అన్నాడు. పొగడ్త అనుకున్నాను. పందిరి కింద ఆడా మగా కూర్చొని వెదురు సూదులతో అల్లారు. అవ్వ అందరికన్నా ఎక్కువ అల్లింది, తల ఎత్తకుండా. అల్లినవాటిని చెక్క రసంలో ముంచి ఎండబెట్టారు. ఇసుక మీద ఎర్రగా పరిచిన వలలను చూసి పెద్దాయన గొడుగు మూసి చేతులు జోడించాడు. ఊరు నిలబడింది, అన్నాడు.

వలలు ఎండుతున్న రోజుల్లోనే అవ్వ కోడలు పోయింది. ఆ గంజి గిన్నె ఉంటే బతికేదని ఎవరూ అనలేదు. జ్వరం ముదిరిందని అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు అవ్వ మామూలుగా వచ్చి వరసలో నిలబడింది. రెండు గరిటెలు పోశాను. అడుగుది గీకి ఇంకొంచెం పొయ్యడానికి చెయ్యి లేచింది. నియమం గుర్తొచ్చి మానుకున్నాను.

మొదటి అమావాస్యకు చిన్న వలలు కొద్దిగా పట్టాయి. పిల్లలు నెల తర్వాత చేప ముక్క తిన్నారు. ఆ వలలను ఇక రోజూ వాడారు. పది రోజులకు ఒడ్డున ఆరేసిన వలల దగ్గర పులిసిన వాసన వచ్చింది. పీతలు ఆ దారాన్ని కొరుకుతున్నాయి, ఎలుకలు కూడా. అదేమని వడమాలపేటామె అడిగితే ఉప్పునీటి వాసన అన్నాను. కళ్ళ ముందు ఉన్నదాన్ని చూడకుండా ఉండడానికి మనిషి ఎంత కష్టపడుతుందో ఆ వారం నాకు తెలిసింది. అదే దారంతో అల్లిన పెద్ద వలను మొగకు పక్కనే లోతులేని నీళ్ళలో నానేసి ఉంచారు, కర్రలకు కట్టే రోజు కోసం.

రెండో అమావాస్య. పొద్దెక్కాక పోటు తీయడం మొదలైంది. మొగలో అంతకు ముందే గుంజలు పాతి ఉంచారు. పాళెంలో మిగిలిన మగవాళ్ళంతా రొమ్ము లోతు నీళ్ళలో దిగి వలను అడ్డంగా కట్టారు. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకొని ఒడ్డున నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. నా దారం కదా.

నీళ్ళు వేగంగా సముద్రం వైపు తిరిగాయి. రొయ్యలు రావడం మాలాంటి కొత్తవాళ్ళకు కూడా తెలిసింది. నీటి మీద వాన చినుకులు పడ్డట్టు చిటచిటలాడింది. వల పొట్ట ఉబ్బింది. అవ్వ కొడుకు చెయ్యెత్తి కేక వేశాడు, ఒడ్డున ఆడవాళ్ళు నవ్వారు. ఆ పాళెంలో నేను విన్న మొదటి మనసారా నవ్వు అది.

తర్వాత వల మధ్యలో ఒక చోట నీళ్ళు గుంట పడ్డట్టు లోపలికి పోయాయి. అక్కడి నుంచి చీలిక రెండు వైపులా పాకింది. నీళ్ళ హోరులో చప్పుడు వినిపించే అవకాశం లేదు, అయినా నాకు వినిపించింది. మా ఇళ్ళల్లో పాత పంచెను పిల్లల గుడ్డలకు చింపేటప్పుడు వచ్చే చప్పుడు. మగవాళ్ళు చీలిన అంచులను చేతులతో దగ్గరికి లాగి పట్టుకున్నారు. పట్టుకున్న చోటల్లా తెగింది. అవ్వ కొడుకు ఒక కొసను చేతికి చుట్టుకొని నిలబడితే నీళ్ళు అతన్ని గుంజకు వేసి కొట్టాయి. పక్కటెముక విరిగింది. ఇద్దరు పట్టి ఒడ్డుకు చేర్చారు. రొయ్యలు వెళ్ళిపోయాయి. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, అండా ఒకటి పొంగడానికి పట్టేంత సేపు కూడా కాదు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కొక్కరూ మిగిలిన వల ముక్కలను తెచ్చి నా ముందు ఇసుకలో పెట్టి పోయారు, అరువు తెచ్చిన సామాను తిరిగి ఇచ్చినట్టు.

ఒక ముక్క తీసి దారం తుంపి చూశాను. తుంపడానికి బలం అక్కరలేదు. పైన ఎర్రగా ఉంది. లోపల తెల్లగా, జిగటగా ఉంది. గంజి నిండి ఉన్నందువల్ల చెక్క రసం పోగు లోపలికి దిగనే లేదు. మేము రంగు వేశామే గాని, దారాన్ని కాపాడలేదు. గంజిని లోపల పెట్టి కుట్టేసినట్టయింది.

పెద్దాయన పైవాళ్ళకు రాయవలసిన కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. "నూలు నాసిరకం అని రాస్తానమ్మా. మిల్లు నుంచి వచ్చిన నూలు, ఎవరు పట్టించుకుంటారు," అన్నాడు. మంచికే అన్నాడు.

"గంజి పెట్టింది నేనని రాయండయ్యా. ఒకామె వద్దని సెప్పినా ఇనలేదని రాయండి."

ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. "దానికి ఇందులో గడి లేదమ్మా," అన్నాడు.

నెల తిరక్కముందే గంజి అండాలు వేరే పాళేనికి పోయాయి. మనుషులు పడవల్లో తడకు, తడ నుంచి రైల్లో మద్రాసుకు పోయారు. పోయేవాళ్ళు నాకు దండం పెట్టి పోయారు. అవ్వ కొడుకు ఎముక అతికే దాకా అవ్వ కదలలేదు. ఆమెతోపాటు తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఉండిపోయారు, అదీ పోవడానికి ఓపిక లేక.

నన్ను కూడా ఇంటికి పొమ్మన్నారు. నగరికి వచ్చి మగ్గం ఉన్న ప్రతి ఇంటి గడపా తొక్కాను. పేక నూలు అడిగాను, అంటే అడ్డం నేసే నూలు. దానికి గంజి ఉండదు. కంట్రోలు రోజుల్లో నూలు అడగడమంటే అన్నం పళ్ళెం అడిగినట్టే.

"పేక నీకిచ్చి ఒట్టి పడుగును మేము మొలకు సుట్టుకునేదా?" అని మా పెదనాయన కొడుకే అన్నాడు.

"సుట్టుకో. ఆడ వాళ్ళకు అదీ లేదు."

వడమాలపేటామె నాకన్నా ఎక్కువ తెచ్చింది. నవ్వించి అడిగిందట. నాకు ఆ విద్య రాదు. ఇద్దరివీ కలిపి ఒక చిన్న మూట అయింది. దాన్ని తీసుకొని మళ్ళీ పాళేనికి పోయాను. ఈసారి జీతం లేదు. అవ్వ ముందు మూట పెట్టి, "ఏం సెయ్యాలో సెప్పవ్వా," అన్నాను. ఆమె చెప్పినట్టు పేనాను, ఆమె చెప్పినంతసేపు చెక్క ఉడకబెట్టాను. తొమ్మిది ఇళ్ళకు నాలుగు చిన్న వలలు వచ్చాయి. అవి ఆగాయి. ఆ నాలుగు వలల మీదే ఆ పాళెం మళ్ళీ గుడిసెలు కట్టింది. పోయినవాళ్ళు మాత్రం రాలేదు. పెద్దాయన చెప్పింది నిజమే.

దారం ఉడుకుతున్న కుండ దగ్గర కూర్చొని ఒక పగలు నేను అవ్వను అడిగాను. చాలా రోజులు గొంతులో పెట్టుకొని తిరిగిన మాట.

"అవ్వా, ఆ పొద్దు ఒగ తూరి సెప్పి ఊరికే అయిపోతివి. గెట్టిగా సెప్పుంటే ఇనేదాన్ని గదా. మీవాళ్ళు ఒగరన్నా వచ్చి సెప్పలేదే."

అవ్వ కుండలో కర్రతో తిప్పుతూనే ఉంది.

"యా సేత్తో సెప్పేది అమ్మణ్ణీ? సేతిలో గిన్నె ఉండె. నువ్వు గరిటె పట్టుకొని ఉంటివి."

కోడలి మాట ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. నేనే ఎత్తాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను చేనేత సంఘంలో చేరి, ఇరవై ఏళ్ళు మగ్గాలవాళ్ళకు నూలు పంచాను. నూలు మంచిదేనా అని బల్ల మీద ఇచ్చేటప్పుడు అడిగితే అందరూ మంచిదే అన్నారు, ఒక్కరు కూడా కాదనలేదు. అందుకని పంచడం అయ్యాక బీరువా తాళం వేసి, ఒట్టి చేతులతో వాళ్ళ ఇళ్ళకు పోయి, మగ్గం పక్కన నేల మీద కూర్చొని అదే మాట మళ్ళీ అడిగేదాన్ని. అప్పుడు చెప్పేవాళ్ళు.